సంతకం ఆయనదే, తేదీ నాది

కిందటి నెల కంటి పరీక్షకని వేలూరు వెళ్ళాను. డాక్టరమ్మ కళ్ళలో చుక్కల మందు వేసి, ఓ గంటసేపు ఎండ తగలకుండా ఎక్కడైనా కూర్చుని రమ్మంటే, మా ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కవీధిలోకి నడిపించుకు వెళ్ళారు. ఎదురుగా వచ్చే మనుషుల ముఖాలే ఆనడం లేదు గాని, ఓ మేడ ముందుకు రాగానే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. నిట్టనిలువుగా ఉన్న ఆ సిమెంటు మెట్లు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు మా ఇన్సూరెన్సు కంపెనీ ఆఫీసు ఆ మేడ మీదే ఉండేది. ఇప్పుడక్కడ పోటీ పరీక్షలకు తర్ఫీదు ఇచ్చే సెంటరు నడుస్తోందట. "ఇక్కడే కదూ" అన్నారు మా ఆయన. అవును, అక్కడే. ఆ మెట్లు చూడగానే అరచేతులు చెమర్చాయి. మరుక్షణమే ఒళ్ళంతా తేలికపడ్డట్టు అయింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి ఎందుకు వచ్చాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నాది చిత్తూరు దగ్గర పల్లె. తెలుగు బడిలో పదో తరగతి దాకా చదువుకుని, పెళ్ళయ్యాక తమిళనాడులోని గుడియాత్తానికి కాపురానికి వచ్చాను. ఇక్కడి మా నేతవాళ్ళ వీధుల్లో పొద్దున లేస్తే తెలుగే. పిల్లల్ని లాలించేదీ, కుళాయి దగ్గర తగువు పడేదీ తెలుగులోనే. మధ్యలో తమిళం మాటలు ఇంటి మనుషుల్లా చనువుగా వచ్చి కూర్చునేవి. చదువులు మాత్రం తమిళ బడిలో కావడంతో తెలుగు అక్షరం పోల్చుకోగలిగినవాళ్ళు ఉండేవారు కారు. అందుకని పలమనేరు నుంచో చిత్తూరు నుంచో ఎవరికి శుభలేఖ వచ్చినా, ముహూర్తం ఎప్పుడో చదివి చెప్పమని నా దగ్గరికే తెచ్చేవారు. నాకది గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి. తర్వాత ఆ చదువే నా మెడకు చుట్టుకుంది.

మా ఆయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేసేవారు. పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలుపెట్టాక పగలంతా తోచక, తెలిసినవాళ్ళ ప్రోత్సాహంతో నేను ఇన్సూరెన్సు ఏజెన్సీ తీసుకున్నాను. లైసెన్సు వచ్చిన రోజున మా అత్తగారు దాన్ని దేవుడి పటం ముందు పెట్టి దండం పెడుతూనే, కోడలు సంచి తగిలించుకుని వీధులు తిరగబోతోందని పెదవి విరిచారు. ఆర్నెల్లు తిరక్కుండా తన చెల్లెలి కొడుకుని తనే పట్టుకొచ్చి నా చేత పాలసీ రాయించారు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇన్సూరెన్సు అంటే ఇంటికొచ్చి చావు మాట ఎత్తినట్టే. బీడీలు చుట్టే ఆడవాళ్ళ అరుగుల మీదా, మగ్గాల గుంటల పక్కనా కూర్చుని, వాళ్ళ నడుం నొప్పులూ పిల్లల చదువులూ అన్నీ విన్నాక గాని నా మాట మొదలుపెట్టేదాన్ని కాను. అలా పదేళ్ళలో నాలుగైదు వీధులవాళ్ళకు నేను ఇంటి మనిషినైపోయాను.

మా పక్కవీధిలో లుంగీలు నేసే ఒకాయన ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ను అన్నా అని, ఆయన పెళ్ళయ్యాక భార్యను వదినా అని పిలిచేదాన్ని. పెళ్ళికి ముందే ఆయన నా దగ్గర పాలసీ తీసుకున్నాడు. తన తర్వాత ఆ సొమ్ము అందుకోవలసిన నామినీగా అప్పట్లో తన పెద్దన్నను రాయించాడు. అది న్యాయమే. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచి, మగ్గం నేర్పి, ఓ ఇంటివాణ్ణి చేసింది ఆ పెద్దన్నే. పెళ్ళయి ఆడపిల్ల పుట్టాక, ఇప్పుడైనా వదిన పేరుకు మార్పించమని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఈ తాను నేత అయిపోనీ, ఆ పండగ పోనీ అని అన్న వాయిదా వేస్తుండేవాడు.

ఆయనకు అంతకంటే పెద్ద కోరిక ఇంకొకటి ఉండేది. ఒకసారి పలమనేరులో పెళ్ళికి పోయి, బస్సు మీది తెలుగు బోర్డు చదవలేక వేరే బస్సెక్కి, ఎక్కడో దిగి, పొద్దు గూకేదాకా రోడ్డు పక్కన నిలబడి వచ్చాడట. ఆ మర్నాడే మా ఇంటికి వచ్చాడు. "నోరు తెరిస్తే మన మాటే గదమ్మా, అక్షరం చూస్తే మాత్రం గుడ్డోని మాదిరి నిలబడిపోతిని. నా పేరన్నా మన అక్షరాల్లో రాసుకోవాల. నేర్పిస్తావా?" అన్నాడు. అలా మొదలైంది మా చదువు. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుంటే, నేను గట్టు మీద కూర్చుని పలక మీద రాసి చూపించేదాన్ని. నూలు సర్దుకునే విరామంలో దిద్దేవాడు. నేసే చెయ్యి ఎంత చురుకో, రాసే చెయ్యి అంత మొండి. అక్షరాన్ని కిందినుంచి పైకి గీసేవాడు. తలకట్టు అక్షరానికి అంటకుండా, కొమ్మ మీద వాలబోయి ఆగిన పిట్టలా ఎడంగా ఉండిపోయేది. ఎన్నిసార్లు దిద్దించినా ఆ ఎడం పోలేదు. మూడు నెలలకు పేరు మాత్రం రాయగలిగాడు.

ఆ ఏడు ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో ఒకరోజు తనంతట తనే, నామినీ మార్చే కాగితం తెమ్మన్నాడు. నేను పూర్తి చేసి తీసుకువెళ్తే, మగ్గం మీదే పలక ఆనించుకుని, ఈసారి మన అక్షరాల్లోనే పెడతానని నోరారా నవ్వుతూ తెలుగులో సంతకం చేశాడు. పాలసీ మీద సంతకం తమిళంలో ఉంది, దాన్ని మార్చకూడదు, మారిస్తే వేరే కాగితం కూడా జతచెయ్యాలి అని చెప్పవలసింది ఏజెంటునైన నేనే. కానీ ఆ క్షణాన నాలోని పంతులమ్మ సంబరపడిపోయి, ఏజెంటును మాట్లాడనివ్వలేదు. నేను సాక్షి సంతకం చేశాను. తేదీ గడి ఖాళీగా వదిలేశాను.

అప్పట్లో అది మా అందరికీ అలవాటే. కాగితాలన్నీ సంచిలో పోగుచేసి, నెలకోసారి వేలూరు పోయి, ఇచ్చే రోజు తేదీ వేసి ఇచ్చేవాళ్ళం. ఈ కాగితమూ సంచిలో ఇరవై రోజులకు పైగా ఉండిపోయింది. ఇంతలో అన్నకు ఛాతీలో నొప్పి వచ్చి వేలూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. రెండు రోజుల తర్వాత నేను కాగితాలు పట్టుకుని బస్సెక్కాను. ఆఫీసు పని కాగానే ఆయన్ను చూసి వద్దామనే ఆలోచనతోనే, దారిలో పళ్ళికొండలో బస్సు ఆగినప్పుడు సంచి ఒళ్ళో పెట్టుకుని అన్నిటి మీదా ఆనాటి తేదీ వేసుకుంటూ పోయాను. సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే, ఆపరేషను జరిగింది, ఎవరినీ లోపలికి పంపేది లేదన్నారు. గేటు దగ్గరే వదినను పలకరించి వచ్చేశాను. అన్న ఇంటికైతే వచ్చాడు గాని, నెలన్నర కన్నా ఎక్కువ బతకలేదు.

పదోరోజు అయ్యాక పెద్దన్న పాత పాలసీ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళితే, నామినీ ఆయన కాదని చెప్పారు. ఆయన నిర్ఘాంతపోయాడు. తమ్ముడికి తెలుగు రాయడం రాదు, ఎప్పుడు చేసినా తమిళంలోనే సంతకం చేస్తాడు, ఆ వీధుల్లో తెలుగు అక్షరాలు వచ్చింది ఈ ఏజెంటు ఒక్కతికే, కాబట్టి మరదలితో కలిసి ఈమే దొంగ సంతకం పెట్టింది అని ఫిర్యాదు రాయించాడు. ఆయన స్థానంలో ఉంటే నాకూ అదే అనుమానం వచ్చేదేమో. తమ్ముడు ఇంట్లో పెద్దన్నకు తెలియకుండా ఏ పనీ చేసి ఎరగడు. అక్షరాలు నేర్చుకుంటున్న సంగతి మాత్రం, ఈ వయసులో చదువేమిటని నవ్వుతాడని దాచాడు.

వారం తిరక్కుండా నాకు రిజిస్టరు కవరు వచ్చింది. పాలసీదారు సంతకాన్ని సృష్టించావన్న ఆరోపణ మీద నీ ఏజెన్సీ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పుకొమ్మని అందులో ఉంది. ఇంకో వాక్యం కూడా ఉంది. పాలసీదారు ఆసుపత్రిలో ఉన్న తేదీన నువ్వు సాక్షి సంతకం ఎలా చేశావని. ఆ వాక్యం చదివాక గాని నేను బస్సులో చేసిన పని ఏమిటో నాకు అర్థం కాలేదు. సంతకం నిజమే, తేదీ అబద్ధం. ఒక అబద్ధం పక్కన నిలబడ్డ నిజాన్ని ఎవరు నమ్ముతారు?

ఊళ్ళో మాట పాకడానికి రెండు రోజులు చాలు. నేను కనబడగానే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. అన్నిటికన్నా గుచ్చుకున్నది ఒక బీడీల అవ్వ మాట. ఒళ్ళో చేట పెట్టుకుని, చుట్టే వేళ్ళు ఆపకుండా, తలైనా ఎత్తకుండా అడిగింది. "నా కాగితం నిజమైనదే గదమ్మా? దాన్నే నమ్ముకోనుండా." కోపంతో అడిగి ఉంటే తట్టుకునేదాన్ని. భయంతో అడిగింది. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను.

ఎంక్వయిరీకి ముందురోజు మా డెవలప్‌మెంట్ ఆఫీసరు వచ్చాడు. నన్ను ఈ పనిలోకి తెచ్చి, పని నేర్పినవాడు. నా మేలు కోరేవాడే. గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ పొద్దు నువ్వు ఆసుపత్రికి పోయినమాట నిజమే గదా. మంచం కాడికి నేను పోయినాను, ఆయన సంతకం పెట్టినాడు అని ఒక్కమాట చెప్పెయ్. చచ్చిపోయినోడు వచ్చి కాదంటాడా? యాడ తేలుతుంది?" నాకది అబద్ధంలా కూడా అనిపించలేదు. గేటు దాకా పోయాను కదా, ఇంకో నాలుగడుగులు కలిపితే ఏమవుతుంది అనిపించింది. మర్నాడు పొద్దున బస్టాండుకు నడుస్తుండగా మా ఆయనతో ఆ మాట చెప్పాను. ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఏజెన్సీ పోతే పోతుంది. మనకు అన్నం పెట్టడానికి నా ఉద్యోగం ఉండాది. జరిగింది జరిగినట్టే చెప్పు" అన్నారు. ఏ మాట చెప్పాలో తేల్చుకోకుండానే బస్సెక్కాను.

మేడ మీద గదిలో బల్లకు అటువైపు ఎంక్వయిరీ ఆఫీసరు కూర్చున్నాడు. అరక్కోణం వైపు నుంచి వచ్చిన నడివయసు తమిళాయన. ఎంక్వయిరీ అంతా తమిళంలోనే నడిచింది. ఒక కుర్చీలో పెద్దన్న, గోడ వారగా ముసుగు కప్పుకుని వదిన, ఆఫీసరుకు ఎదురుగా నేను. మా ఆయన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. ఆఫీసరు ముందుగా పెద్దన్నను అడిగాడు. మీ తమ్ముడికి తెలుగు రాయడం వచ్చా అని. "లేదు సార్. మా ఇంట్లో ఎవరికీ రాదు" అన్నాడాయన నా వంక చూడకుండానే. తర్వాత ఆఫీసరు నా వైపు తిరిగి, ఈ తేదీన మీరు ఆయన దగ్గర సంతకం ఎక్కడ తీసుకున్నారు, మొదటినుంచి చెప్పండి అన్నాడు.

ఆసుపత్రి అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకో ఆ క్షణంలో బీడీల అవ్వ గొంతు వినిపించింది. ఈ అబద్ధం చెప్పి బయటపడితే, రేపు ఆమె మళ్ళీ నీ కాగితం నిజమైనదేనా అని అడిగితే నేను ఏ ముఖంతో అవునంటాను? అంతే, మొదలుపెట్టాను. మగ్గం దగ్గర సంతకం తీసుకున్నానని, తేదీ వెయ్యలేదని, ఇరవై రోజులు సంచిలో ఉంచుకున్నానని, పళ్ళికొండలో బస్సు ఆగినప్పుడు ఈ తేదీ వేశానని, తేదీ అబద్ధమేనని అంతా చెప్పాను. ఏజెన్సీ పోయినట్టే అనుకున్నాను గాని, అన్ని రోజుల్లో మొదటిసారి గుండెల నిండా ఊపిరి తీసుకోగలిగాను.

ఆఫీసరు ఫైలులో ఒక కాగితం తిప్పి నా ముందుకు తోశాడు. ఆసుపత్రివాళ్ళు రాసి ఇచ్చిన ఉత్తరం అది. ఆ తేదీన ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆయన ఆపరేషను బల్ల మీద ఉన్నాడని, మర్నాటికి గాని స్పృహ రాలేదని అందులో ఉంది. "ఆసుపత్రిలో తీసుకున్నానని మీరు చెబుతారనే అనుకున్నాను. చెప్పి ఉంటే ఇక నేను అడగవలసింది ఏమీ ఉండేది కాదు" అన్నాడాయన. ఒక్క మాట తేడాలో ఎంత పెద్ద గోతి అంచున నిలబడి వెనక్కి వచ్చానో అప్పుడు తెలిసింది.

తేదీ సంగతి తేలింది, సంతకం సంగతి ఇంకా తేలలేదు. ఆఫీసరు నాకొక తెల్లకాగితం ఇచ్చి అన్న పేరు తెలుగులో పదిసార్లు రాయమన్నాడు. నేను రాస్తుండగా, అంతవరకు ఒక్క మాట మాట్లాడని వదిన లేచి వచ్చి, చంకలోని గుడ్డసంచి విప్పింది. అందులోంచి ఒక లుంగీ తీసి బల్ల మీద పరిచింది. గళ్ళ లుంగీ, మధ్యలో ఒకచోట నేత తప్పింది. "ముదలాళి వద్దని తిప్పి పంపినాడు సార్ దీన్ని. కొసన ఆయన పేరు రాసినాడు సూడండి. అక్కడి గుమాస్తా, ఇదేంది జాంగిరీ మాదిరి సుట్టినావే అని నగినాడంట" అంది. ముదలాళి అంటే నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు. ఎవరి నేత ఎవరిదో తెలియడానికి తాను చివర నీలం పెన్సిలుతో పేరు రాసి పంపడం రివాజు. అక్కడ నీలం అక్షరాలు, పక్కనే సరుకు తిప్పి పంపినట్టు షావుకారు కొట్టించిన ముద్ర, దాని మీద తేదీ. అన్న ఆసుపత్రిలో చేరడానికి చాలా ముందరి తేదీ. తలకట్లు ఎడంగా, వాలని పిట్టల్లా అలాగే ఉన్నాయి. నేను అలవాటైన చేత్తో రాసిన పది పేర్లలో ఒక్కదానికీ ఆ ఎడం లేదు.

ఆఫీసరు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత లుంగీని పెద్దన్న వైపు జరిపి, ఇది మీ తమ్ముడు నేసిందేనా, ఎవరైనా వేరేదాని మీద రాసి తెచ్చారా అని అడిగాడు. పెద్దన్న అక్షరాల జోలికి పోలేదు. అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు, తిరగేసి చూశాడు, మళ్ళీ రుద్దాడు. కాదంటే కాదనొచ్చు. అక్కడ ఆయన మాటను కొట్టేసేవాళ్ళు ఎవరూ లేరు. "మా తమ్ముడి నేతే సార్" అన్నాడు చివరికి. "అంచు కాడ ఒక పోగు ఎక్కువ బిగిస్తాడు. వద్దురా అని ఎన్నితూర్లు చెప్పినా మానలే. నేనే నేర్పిస్తిని గదా, నాకు తెలీదా?" అని లుంగీలో ముఖం దాచుకుని ఏడ్చాడు. వదిన కూడా కూలబడి ఏడ్చింది. ఆఫీసరు రాయడం ఆపి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

గుడియాత్తానికి ఆ సాయంత్రం అందరం ఒకే బస్సులో రావలసి వచ్చింది. పాలారు వంతెన దాటుతుండగా, ముందు సీటులో ఉన్న పెద్దన్న వెనక్కి తిరిగి, "అమ్మా, వాడు ఏం రాసినాడో నాకు చదివి చెప్తావా?" అన్నాడు. వదిన లుంగీ కొస తీసి ఇచ్చింది. నేను చదివాను. ఇంటిపేరుతో సహా. తమిళ బడి రిజిస్టర్లలో ఇంటిపేర్లు రాయరు. తండ్రి పేరులోని మొదటి అక్షరంతో సరి. ఆ ఇంటిపేరును అన్న తన నాయన నోట చిన్నప్పుడు విన్నాడట, అది లేకుండా రాయనని నా దగ్గర పట్టుబట్టి నేర్చుకున్నాడు. పెద్దన్న నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి పెదవులు కదుపుతూ తనూ అన్నాడు. "మా నాయన పోయినాక ఆ పేరు ఎవరూ పలకలేదమ్మా" అని, నన్ను తప్పుగా అనుకున్నందుకు మనసులో పెట్టుకోవద్దన్నాడు. నాకు పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. సంతకం ఆరోపణ కొట్టేశారు. తప్పు తేదీ వేసినందుకు, పాత సంతకానికి తేడా ఉందని రాయనందుకు గట్టిగా మందలించి, ఇకముందు ఇలాంటిది జరిగితే ఏజెన్సీ ఉండదని హెచ్చరించారు. ఆ మందలింపును నేను పటం కట్టించుకోవాలన్నంత సంతోషంగా చదువుకున్నాను. మా అత్తగారు వీధి మొదటినుంచి చివరి దాకా పొంగలి పంచారు. వదిన పేర రావలసింది వదినకు వచ్చింది. ఆ కాగితాల మీద సాక్షిగా సంతకం చేసింది పెద్దన్నే. ఆ తర్వాత పాతికేళ్ళు ఏజెన్సీ నడిపాను గాని, ఏ కాగితం మీదా మరో రోజు తేదీ వెయ్యలేదు.

ఇప్పుడు మా వీధుల్లో చేతిమగ్గాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. గుంటలు పూడ్చి టైల్సు పరిచారు. పాలసీలు ఇంట్లో కూర్చుని సెల్‌ఫోనులో తీసుకుంటున్నారు. సంతకం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు, తేదీ దానంతటదే పడుతుంది. నేను చేసిన తప్పు ఇప్పటి ఏజెంటు చెయ్యాలన్నా కుదరదు. అది మంచిదే, కాదనను. కానీ మొన్న మా వీధిలోనే ఒక అమ్మాయి ఏజెన్సీని ఏదో ఫిర్యాదు మీద నిలిపేశారట. ఫోనులో రెండు వరుసల కబురు వచ్చింది, తిరిగి చెప్పుకోవడానికి అవతల మనిషి పేరు కూడా లేదని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా మీద వచ్చిన నింద చిన్నదేం కాదు, నేను చేసిన తప్పూ నిజమైనదే. అయినా ఒక మనిషి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటినుంచి చెప్పమని అడిగి, చివరి దాకా విన్నాడు. ఆ పిల్లను అలా అడిగేవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండును.